మైక్రోస్కోపులో తన కన్నే



మాస్టారు పగలు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. రాత్రి ఫిలిం సొసైటీ ప్రొజెక్టర్ పక్కన నిలబడేవారు. ఆయన పేరిట ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు అడిగినప్పుడు, ఆ రెండు పనులూ కలిసే చోటు గురించే మాట్లాడదామనుకున్నాను. శాస్త్రవేత్తల మీద వచ్చిన సినిమాలు, వాటిలోని ప్రేమలు, వాళ్ళు చివరికి బతుకును దేనితో కొలుచుకున్నారన్న సంగతి ఈ సాయంత్రం విషయం. ఓపెన్‌హైమర్, ఎ బ్యూటిఫుల్ మైండ్, ది థియరీ ఆఫ్ ఎవ్రీథింగ్ మీరంతా చూసే ఉంటారు. వాటి జోలికి పోను. స్వీడన్‌లో 1957లో, సోవియట్ యూనియన్‌లో 1962లో, మన దేశంలో 1990లో వచ్చిన మూడు సినిమాల దగ్గర ఆగుతాను. అంతకుముందు నాకు పేచీ ఉన్న ఒక సినిమా సంగతి తేల్చేస్తాను.

అది 1943 నాటి 'మేడమ్ క్యూరీ'. ఎం.జి.ఎం. వారి నిర్మాణం, మెర్విన్ లెరాయ్ దర్శకత్వం. మేరీగా గ్రీర్ గార్సన్, పియరీగా వాల్టర్ పిడ్జన్. కూతురు ఈవ్ రాసిన జీవితచరిత్ర దానికి ఆధారం. అందులో ఒక్క సీను కోసం ఆ సినిమాను ఇప్పటికీ క్షమిస్తాను. పగలు గిన్నె అడుగున ఒట్టి మరక కనబడితే, ఇన్నేళ్ళ చాకిరీకి ఇంతేనా అని కుంగిపోయిన ఆలుమగలు రాత్రి మళ్ళీ ఆ పాకలోకి వెళ్తారు. చీకట్లో ఆ మరకే వెలుగుతుంటుంది. నిజ జీవితంలో టన్నులకొద్దీ పిచ్‌బ్లెండ్ ఖనిజాన్ని మరగబెట్టి, వడగట్టి, 1902 నాటికి వాళ్ళు రాబట్టింది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడ్. ఆ చాకిరీని హాలీవుడ్ బాగానే చూపించింది. ప్రేమ దగ్గరికి వచ్చేసరికి చేతికి నగలు తగిలించింది. సినిమాలో పియరీ భార్యకు చెవిపోగులు కొనడానికి వెళ్ళి బండి కింద పడతాడు. అసలు పియరీ 1906 ఏప్రిల్ 19న తోటి ప్రొఫెసర్ల సమావేశం ముగించుకుని, వానలో రోడ్డు దాటుతూ గుర్రబ్బండి కింద పడి పోయారు. సమావేశం నుంచి వచ్చేవాడి చావుకు కన్నీళ్ళు చాలవని స్టూడియోవాళ్ళు అనుకున్నట్టుంది. ఆ నవంబరులో మేరీ సోర్బాన్‌లో భర్త స్థానంలోకి వచ్చి, ఆయన ఆపిన చోటి నుంచే పాఠం అందుకున్నారు. నన్నడిగితే ఆ ఒక్క తరగతిలో ఉన్న ప్రేమ చెవిపోగుల్లో లేదు.

ఆ సినిమా 1911 వైపు కన్నెత్తి చూడదు. ఆ ఏడాది భౌతికశాస్త్రవేత్త పాల్ లాంజెవిన్‌తో మేరీ అనుబంధం పారిస్ పత్రికలకెక్కింది. ఉత్తరాలు కూడా అచ్చయ్యాయి. అదే ఏడాది ఆమెకు రెండో నోబెల్, ఈసారి రసాయనశాస్త్రంలో. ఈ పరిస్థితిలో స్టాక్‌హోమ్ రాకుంటే మంచిదని స్వీడిష్ రసాయనశాస్త్రవేత్త అర్హీనియస్ అంతటివాడు ఉత్తరం రాశాడు. ఆమె వెళ్ళి బహుమతి తీసుకుని వచ్చారు. 2019లో మార్జాన్ సత్రపి తీసిన 'రేడియోయాక్టివ్' ఈ గొడవనేమీ దాచలేదు గానీ, హిరోషిమా, చెర్నోబిల్ అంటూ అటూ ఇటూ పరుగులు తీసి ఏ గదిలోనూ స్థిమితంగా కూర్చోలేదు.

ప్రేమించుకున్న ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తుంటే కథ రాసేవాడికి సుఖం. ఆ బల్ల దగ్గర చోటు లేనివాళ్ళు ఇంట్లో ఉంటారు చూడండి, కష్టమంతా వాళ్ళతోనే. ఎదుట ఉన్నదాన్ని మనకు నచ్చినట్టు కాకుండా అది ఉన్నట్టు, ఓపికగా చూడమని సైన్సు మొదటి రోజే చెబుతుంది. మాస్టారు ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి చెప్పిందీ అదే. మరి ఆ చూపు అలవడినవాడికి ఇంట్లో మనిషి ఎందుకు కనబడదు? శాస్త్రవేత్తల మీద వచ్చిన మంచి సినిమాలన్నీ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయని నా నమ్మకం.

ఇంగ్మార్ బెర్గ్‌మన్ 'వైల్డ్ స్ట్రాబెర్రీస్' స్క్రిప్టును ఆస్పత్రి మంచం మీద రాశాడు. కథానాయకుడు ఐజాక్ బోర్గ్‌కి 78 ఏళ్ళు. వైద్యుడు, బాక్టీరియా మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్. డాక్టరేటు పుచ్చుకుని యాభై ఏళ్ళయిన సందర్భంగా లుండ్ విశ్వవిద్యాలయం సన్మానిస్తుంది. విమానంలో వెళ్ళాల్సినవాడు తెల్లవారుజామున ఒక పాడు కల వచ్చి లేచి, కారులో వెళ్తానంటాడు. ముళ్ళు లేని గడియారం, మనుషుల్లేని వీధి, గుర్రబ్బండి మీంచి జారిపడిన శవపేటిక, అందులోంచి తన చేయి పట్టుకు లాగే తన శవం, ఇవీ ఆ కలలో ఉన్నవి. ఏళ్ళ తరబడి ఇల్లు చూసుకుంటున్న ఆగ్డాకి ఈ కారు ప్రయాణం మహా కోపం. కోడలు మరియాన్ తోడు వస్తుంది.

కారు ఊరు దాటిందో లేదో కోడలు మామగారి ముఖం మీదే చెప్పేస్తుంది, మీరు పైకి పెద్దమనిషి, లోపల వట్టి స్వార్థపరులని. కొడుక్కి ఇచ్చిన అప్పు సంగతి వస్తుంది. ఈయనకు డబ్బు అవసరం లేదు. కొడుక్కి తీర్చడం కష్టం. అయినా మాట మాటే, బాకీ బాకీయే అంటాడు. సైన్సులో కచ్చితత్వానికి అలవాటుపడినవాడు ఇంట్లో కూడా అదే కొలబద్ద పట్టుకుంటే ఎలా ఉంటుందో చూపించడానికి బెర్గ్‌మన్‌కి ఈ ఒక్క అప్పు చాలింది.

దారిలో చిన్నప్పటి వేసవి ఇల్లు. అక్కడ అడవి స్ట్రాబెర్రీలు పండే చోట, యాభై ఏళ్ళ కిందట తాను పెళ్ళాడాలనుకున్న సారా కనిపిస్తుంది. ఆమె ఐజాక్ అన్నదమ్ముడినే చేసుకుంది. ఐజాక్ చాలా మంచివాడు, చాలా పైనుంటాడు, తనకే భయం వేస్తుందని ఆమె ఏడుస్తూ చెప్పుకోవడం ఈ ముసలాయన చాటుగా నిలబడి వింటాడు. తర్వాత ఒక పెట్రోల్ బంకు. ఆ సీను గురించి విమర్శకులు తక్కువ రాస్తారు. నాకు సినిమాకు గుండెకాయ అదే. ఐజాక్ ప్రొఫెసర్ కాకముందు ఆ ప్రాంతంలో మామూలు డాక్టరుగా పనిచేశాడు. బంకు కుర్రాడు డబ్బు తీసుకోడు, మీరు చేసిన మేలు ఈ చుట్టుపక్కల ఎవరూ మరచిపోలేదంటాడు. అతని భార్య కడుపుతో ఉంది, బిడ్డకు మీ పేరు పెట్టుకుంటామంటాడు. నేను ఇక్కడే ఉండిపోవలసిందేమో అని పెద్దాయన గొణుక్కుంటాడు.  లుండ్‌లో బాకాలు, టోపీలు, లాటిన్ మంత్రాలతో జరిగే సన్మానం సినిమాలో కాసేపట్లో అయిపోతుంది. దర్శకుడి లెక్క అక్కడే తెలిసిపోతోంది.

ఇక పరీక్ష కల. దారిలో కారు ఎక్కి దెబ్బలాడుకుంటూ వచ్చిన ఆల్మన్ అనే ఆయన కలలో పరీక్షాధికారిగా కూర్చుంటాడు. మైక్రోస్కోపులో చూడమంటాడు. ఐజాక్ కన్ను ఆనించి చూస్తాడు. స్లైడు మీద ఏ సూక్ష్మజీవీ లేదు, తన కన్నే తనకు పెద్దదిగా కనిపిస్తుంది. పరికరం చెడిపోయిందంటాడు. ఆల్మన్ చూసి, బాగానే ఉందంటాడు. బోర్డు మీద రాసినది చదవలేకపోతాడు. వైద్యుడి మొదటి విధి ఏమిటంటే గుర్తురాదు. క్షమాపణ అడగడం అది అని పరీక్షాధికారే చెప్పాల్సివస్తుంది. కుర్చీలో ఉన్న రోగిని పరీక్షించి చనిపోయిందంటాడు, ఆమె పకపకా నవ్వుతుంది. అనర్హుడని తీర్పు. శిక్ష మామూలుదే, ఒంటరితనం.

ఇంత అన్యాయమైన పరీక్ష ఏ యూనివర్సిటీలోనూ జరగదు. అయినా అందులో ఒక్క ప్రశ్న కూడా సిలబస్ బయటిది కాదు. జీవితమంతా లెన్సుకు ఇవతల కూర్చున్నవాడికి అవతల ఉన్నది కూడా తానే అయితే, అతను చూసిందేమిటి?

ఈ పాత్ర వేసిన విక్టర్ షోస్ట్రోమ్ స్వయంగా స్వీడిష్ మూకీ సినిమాకు ఆద్యుడు, 'ఫాంటమ్ క్యారేజ్' దర్శకుడు. షూటింగ్ నాటికి ఆయనకూ దాదాపు అదే వయసు. సాయంత్రం ఐదుంపావుకల్లా ఇంటికి చేరి విస్కీ గ్లాసు పట్టుకోవాలన్నది ఆయన షరతు, బెర్గ్‌మనే చెప్పుకున్నాడు. వృత్తికి హద్దు గీసుకోవడం ఐజాక్ బోర్గ్‌కి రాలేదు గానీ షోస్ట్రోమ్‌కి వచ్చన్నమాట. ఆయన 1960 జనవరిలో పోయారు.

మళ్ళీ సినిమాలోకి వస్తే, ఆ రాత్రి కొడుకు గదిలోకి వచ్చినప్పుడు ఐజాక్ ఆ అప్పు మాట ఎత్తుతాడు, వదిలేద్దామని. కొడుకు వెంటనే, మీ డబ్బు మీకు ముడుతుంది లెండి అంటాడు. నా ఉద్దేశం అది కాదని పెద్దాయన అనేలోపు ఆ మాట దారి తప్పిపోతుంది. మారిన మనిషిని ఇంట్లోవాళ్ళు వెంటనే నమ్మరు. ఆగ్డాతో, ఇన్నేళ్ళయింది కదా, ఈ మర్యాదలు మానేసి పేర్లు పెట్టి పిలుచుకుందామా అంటే ఆమె కూడా ఒప్పుకోదు, ఉన్నది ఉన్నట్టే బాగుందంటుంది. వేరే దర్శకుడైతే ఇక్కడ కౌగిలింతలు పెట్టేవాడు.

తార్కోవ్‌స్కీ 'సొలారిస్' సంగతి ఎందుకు ఎత్తలేదని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. 1972లో వచ్చిన ఆ సినిమా మూల రచయిత స్తానిస్లావ్ లెమ్‌కి నచ్చలేదు. తాను విశ్వం గురించి రాస్తే ఈయన పశ్చాత్తాపం గురించి తీశాడని ఆయన ఫిర్యాదు. నా ఉపన్యాసం మొత్తం ఆ ఫిర్యాదులోనే ఉంది కనుక అంతటితో వదిలేస్తున్నాను.

రెండో సినిమా మిఖాయిల్ రోమ్ తీసిన 'ఒక ఏడాదిలో తొమ్మిది రోజులు'. అణుశాస్త్రం అంటే కుర్రాళ్ళు వెర్రెత్తిపోయిన కాలం అది. ఫిజిక్స్ వాళ్ళు గొప్పా, కవిత్వం రాసేవాళ్ళు గొప్పా అని అక్కడి పత్రికల్లో పెద్ద చర్చే జరిగింది. విశాలాంధ్ర దుకాణంలో చవగ్గా దొరికే సోవియట్ సైన్సు పుస్తకాలు కొనుక్కుని పెరిగిన మాస్టారి తరానికి ఆ వేడి కొంత తెలుసు. గుసెవ్ అనే యువ శాస్త్రవేత్త థర్మోన్యూక్లియర్ ప్రయోగాల్లో రేడియేషన్‌కి గురవుతాడు. ఆయన గురువు అదే ప్రమాదంలో పోతాడు. ఇంకోసారి తగిలితే బతకవని డాక్టర్లు చెప్పినా గుసెవ్ మానడు. ల్యోల్యా అనే అమ్మాయి, తానూ ఫిజిక్స్ మనిషే, గుసెవ్ మిత్రుడు కులికోవ్‌ని పెళ్ళాడబోయి ఆఖరికి గుసెవ్‌ని చేసుకుంటుంది. అలెక్సీ బటాలోవ్, స్మొక్తునోవ్‌స్కీ, తత్యానా లవ్రోవా ఆ ముగ్గురూ.

ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి తనలో తాను మాట్లాడుకునే సీను ఉంది. నేను మంచి భార్యను కాలేకపోతున్నాను, ఇతను నాతో మాట్లాడడు, ఏం ఆలోచిస్తున్నాడో నాకు చెప్పడు అని. ఎదురుగా భర్త మౌనంగా కూర్చుని ఉంటాడు. తనకు మళ్ళీ డోసు తగిలిందన్న సంగతి అతను దాస్తున్నాడు. ఆమెకు చూపు ఉంది. చూడటానికి అతను ఏమీ మిగల్చడు. బోర్గ్‌ది చూడలేనితనం, ఇతనిది కనబడనివ్వనితనం. రెండోది మనవాళ్ళకు బాగా తెలిసిన జబ్బు. ఇంట్లో బాధపడతారని రిపోర్టులు బీరువాలో దాచే మగవాళ్ళు ఈ హాల్లోనూ ఉండి ఉంటారు.

గుసెవ్ పల్లెలో తండ్రి దగ్గరికి వెళ్తాడు. బాంబు నువ్వు చేశావా అని ముసలి రైతు అడుగుతాడు. చేశానంటాడు. దీనికింత విలువుందా అన్నదానికి, ఉందనే జవాబు. ఆ జవాబుతో నాకు పూర్తి ఏకీభావం లేదు. ప్రభుత్వ సినిమాలో వేరే జవాబు రాదు కూడా. కానీ ఆ ప్రశ్నను తండ్రి చేత అడిగించడం రోమ్ నిజాయితీ. ప్రయోగం మాత్రం ఆశించిన ఫలితం ఇవ్వదు. చివర ఎముక మజ్జ మార్పిడి ఆపరేషన్‌కి ముందు గుసెవ్ ఆస్పత్రిలోంచి మిత్రులిద్దరికీ చీటీ పంపుతాడు, నా ప్యాంటు తెచ్చిపెడితే పారిపోయి ముగ్గురం హోటల్‌కి పోదామని, కింద పరిగెడుతున్న ముగ్గురి బొమ్మ గీసి. అతను బతికాడా లేదా సినిమా చెప్పదు. ఎప్పుడూ నోరు విప్పనివాడు భార్యకు రాసిన ప్రేమలేఖ అదే.

తపన్ సిన్హా 'ఏక్ డాక్టర్ కీ మౌత్' దగ్గరికి వస్తున్నాను. తపన్ సిన్హా ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, కలకత్తా న్యూ థియేటర్స్‌లో సౌండ్ విభాగంలో మొదలుపెట్టినవాడు. రమాపద చౌధురి బెంగాలీ నవల 'అభిమన్యు' దీనికి మూలం. దాని వెనుక ఉన్నది డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ జీవితం. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో పుట్టింది. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దుర్గ అనే పాప పుట్టింది. ఆయన పిండాన్ని శీతలీకరించి భద్రపరచి తర్వాత గర్భంలో ప్రవేశపెట్టారు. ఆ పద్ధతి తర్వాత లోకమంతా వాడుకలోకి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ నమ్మలేదు. జపాన్ వెళ్ళి తన పని చెప్పుకోవడానికి అనుమతి దొరకలేదు. ఆయన పనికి సంబంధమే లేని కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నారు.

సినిమాలో డాక్టర్ దీపాంకర్ రాయ్ కుష్ఠువ్యాధికి టీకా కనుక్కుంటాడు. పంకజ్ కపూర్ ఈ పాత్రను ప్రేక్షకుడికి నచ్చేలా చెయ్యడానికి ఏమాత్రం ప్రయత్నించడు. చిరాకు, అహం, తిండి వేళకు ఇంట్లో ఉండి కూడా ఇంట్లో లేకపోవడం. షబానా ఆజ్మీ భార్య సీమ. ఆమెకు భర్త పనిలోని సైన్సు అక్కర్లేదు, తనతో ఒక పూట మాట్లాడే మనిషి కావాలి. మొదటి భాగంలో ఆమె విసుగంతా న్యాయమైనదేనని తపన్ సిన్హా ఒప్పుకుంటాడు. సాధారణంగా ఇటువంటి కథల్లో భార్య విసుక్కుంటే ప్రేక్షకుడు భర్త పక్షం వహిస్తాడు. ఇక్కడ అలా కుదరదు.

లోకం అతని మీద పడ్డాక ఆమె మారుతుంది. అతని టీకా కోసం కాదు, అతన్ని అవమానించే పద్ధతి చూసి. పై అధికారులు, తోటి డాక్టర్లు, మారుమూల పల్లెకు బదిలీ, ఆఖరికి అదే ఫలితం ఇద్దరు అమెరికన్ డాక్టర్ల పేరిట ప్రకటన. తనకు దక్కాల్సిన కాలాన్ని మింగేసిన ఆ పని అతనికి ప్రాణమని ఆమెకు అప్పుడు కనబడుతుంది. అతనికీ అప్పుడే ఆమె కనబడుతుంది. అంత ఓడిపోతే తప్ప ఒకరికొకరు కనబడకపోవడం ఆ సినిమాలోని అసలు దుఃఖం. దీపాంకర్‌ని దర్శకుడు చావనివ్వలేదు. విదేశం నుంచి వచ్చిన ఆహ్వానం అందుకుని పనికి బయలుదేరతాడు. ఇది మెత్తదనం అన్నారు కొందరు. నేను అలా అనుకోను. ఒక మనిషిని నిజంగానే పోగొట్టుకున్న ఊళ్ళో తీసిన సినిమా అది.

ఆ ఏడాది తపన్ సిన్హాకి ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. కానీ నాకు ఈ కథలో గొప్ప ఘట్టం సినిమా తర్వాతే జరిగింది. 1986లో ముంబయిలో పుట్టిన పాపే దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని రికార్డులకెక్కింది. దాని వెనుక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. 1997లో సుభాష్ ముఖోపాధ్యాయ్ కాగితాలు ఆయన చేతికొచ్చాయి. చదివారు. మొదటివాణ్ణి నేను కాదు, ఆయన అని బహిరంగంగా చెప్పి, తన కిరీటం తానే తీసి పెట్టారు. లెన్సులో తన కన్ను కాకుండా ఇంకొకరి పని కనిపించిన మనిషి. ఐజాక్ బోర్గ్ తప్పిన పరీక్ష ఆయన పాసయ్యారు.

గమనించారో లేదో, ఈ మూడు సినిమాల్లోనూ గెలుపు లేదు. సన్మానం చప్పగా ఉంటుంది, ప్రయోగం ఫలించదు, పేరు ఇంకొకరికి పోతుంది. గెలుపును తీసేశాక ఆ మనిషి దగ్గర ఏం మిగిలిందని అడగడానికే దర్శకులు అలా చేశారు.

మన తెలుగు సినిమాలో డాక్టర్లకు కొదవ లేదు. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'డాక్టర్ చక్రవర్తి' ఇప్పుడు చూసినా బాగుంటుంది. కోడూరి కౌసల్యాదేవి నవల, సావిత్రి, నాగేశ్వరరావు, జగ్గయ్య, ఇంకేం కావాలి. అయితే అందులో చక్రవర్తి ఇంజనీరైనా, ప్లీడరైనా కథకు పెద్ద నష్టం ఉండదు. మన తెర మీద స్టెతస్కోపు మెడలో హారంగానే ఎక్కువ ఉండిపోయింది.

కథలు లేక కాదు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డ కుర్రాడు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి, కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి. మీద పని. లెడర్లే కంపెనీలో ఫోలిక్ యాసిడ్ తయారీ, కేన్సర్ మందులకు దారి, మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్. ఇవి మన పిల్లలకు క్విజ్ పోటీల కోసం తెలుసు. ఆయన భార్య పేరు శేషగిరి. మామగారి కుటుంబం ఆయన చదువుకు అండగా నిలిచింది. ఆయన 1920ల మొదట్లో అమెరికా ఓడెక్కారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ ఈ గడ్డ మీద అడుగుపెట్టలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53 ఏళ్ళ వయసులో పోయారు.

ఆయన మీద వ్యాసాలు, పాఠాలు, తపాలాబిళ్ళ ఉన్నాయి. వాటిలో శేషగిరిగారికి సాధారణంగా ఒక వాక్యం దొరుకుతుంది. ఆయన్ని దోషిగా నిలబెట్టమని నేను అనడం లేదు. ఆయన తయారుచేసిన మందుతో నయమైన కాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ కాళ్ళూ నిజమే, ఇంటి దగ్గర గడిచిన ఆ సంవత్సరాలూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం వికీపీడియాకు కుదురుతుంది, మంచి సినిమాకు కుదరదు.

ఈ హాల్లో కెమెరా పట్టుకున్న పిల్లలు కొందరున్నారని కమిటీవారు చెప్పారు. వాళ్ళకు నా విజ్ఞప్తి ఇది. మీలో ఎవరైనా సుబ్బారావుగారి మీద సినిమా తలపెడితే, మొదటి సీను హార్వర్డ్ ల్యాబ్‌లో రాయకండి. ఆంధ్రలో శేషగిరిగారి ఇంట్లో మొదలుపెట్టండి. ఆ పాత్ర పూర్తిగా రాశాకే ఓడెక్కండి.